పాత క్యాలిక్యులేటర్ సిమ్యులేటర్లు రెండు, ఒకే లెక్కకు రెండు జవాబులు. ఏది నమ్మాలి?

తమ్ముడూ, సివిల్ డిప్లొమా చదువుతున్నానన్నావు. హెచ్‌పీ కంపెనీ పాత క్యాలిక్యులేటర్ 15సీని అనుకరించే యాప్‌లో (సిమ్యులేటర్ అంటే అదే) ఒక జవాబు, ఫ్రీ42 అనే ఇంకో సిమ్యులేటర్‌లో వేరే జవాబు వస్తున్నాయి, ఏది తప్పు అని అడిగావు. నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా సర్వే పని చేస్తున్నాను. ఇదే చిక్కులో నేనూ పడ్డాను కాబట్టి చెబుతున్నా.

సిమ్యులేటర్లలో రెండు జాతులున్నాయి. నాన్‌పరేల్ లాంటివి పాత మెషీన్ రోమ్‌లోని (ప్రోగ్రాం శాశ్వతంగా ఉండే చిప్‌లోని) అసలు కోడ్‌నే నడిపిస్తాయి. 1982 నాటి 15సీ ప్రతి జవాబునూ 10 అంకెలకు సరిపెడితే ఈ సిమ్యులేటరూ అంతే చేస్తుంది, దాని తప్పులతో సహా. ఫ్రీ42 అలా కాదు. 1988లో వచ్చిన హెచ్‌పీ క్యాలిక్యులేటర్ 42ఎస్‌ను చూసి థామస్ ఒకెన్ మొదటి నుంచి కొత్తగా రాసుకున్న ప్రోగ్రాం అది. అసలు 42ఎస్ 12 అంకెలు ఉంచుకుంటే, ఫ్రీ42 డెసిమల్ వెర్షన్ 34 అంకెలు ఉంచుకుంటుంది. మీటలు పాతవే, లోపలి లెక్క మాత్రం వేరు.

నా దగ్గర మా మేనమామ ఇచ్చిన 15సీ ఉండేది. నాలుగు మూలల కోఆర్డినేట్లను గుణించి చతుర్భుజం వైశాల్యం కట్టే చిన్న ప్రోగ్రాం అందులో రాసుకుని ఏళ్ల తరబడి వాడాను. అప్పట్లో మొదటి రాయికి కోఆర్డినేట్లు 1000, 1000 అని మేమే పెట్టుకుని పని మొదలుపెట్టేవాళ్లం, ఏ ఇబ్బందీ రాలేదు. మెషీన్ పాడయ్యాక అదే ప్రోగ్రాం రోమ్ నడిపే 15సీ సిమ్యులేటర్‌లో ఎక్కించాను. ఈలోగా జీపీఎస్ నుంచి యూటీఎం కోఆర్డినేట్లు, అంటే లక్షల్లో ఉండే మీటర్ల అంకెలు, రావడం మొదలైంది.

ఒకసారి ఊళ్లోనే 40×60 అడుగుల ఇంటి స్థలం. టేపు పెడితే 2400 చదరపు అడుగులు, అంటే సుమారు 223 చదరపు మీటర్లు. సిమ్యులేటర్ సరిగ్గా 300 చదరపు మీటర్లు అంది. మన దగ్గర అంకణం 36 చదరపు అడుగులు కదా, 67 అంకణాల స్థలం 90 అంకణాలైపోయింది! పక్కనే స్థలం యజమాని నిలబడి ఉన్నాడు. నాకు ఒకటే టెన్షన్. అంకెలు మళ్లీ కొట్టాను, మళ్లీ 300. మూడోసారీ అంతే.

ఆ రాత్రి ఒక్కో గుణకారం విడిగా చేసి చూశాను. ఒక మూలకు ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత) 329118.42, నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత) 1507243.65. గుణిస్తే 496061648643.03 రావాలి. పది అంకెల మెషీన్ దాన్ని 496061648600 చేసి, చివరి 43ను వదిలేస్తుంది. ఇలాంటి గుణకారాలు ఎనిమిది, ఒక్కోదాంట్లో 50 దాకా తేడా రావచ్చు. అన్నీ వందల్లో ముగుస్తాయి, చివర్లో సగం చేస్తాం కాబట్టి వైశాల్యం ఎప్పుడూ 50 గుణిజంగానే వస్తుంది. 300 అంత గుండ్రంగా ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. ఫ్రీ42లో వేస్తే 223 వచ్చింది. ఈస్టింగ్‌లో 329000, నార్తింగ్‌లో 1507000 ముందే తీసేసి పాత ప్రోగ్రాంలో వేసినా అదే 223.

కాబట్టి నీ రెండు యాప్‌లూ తప్పు కావు. పాత మెషీన్ ఏం చెప్పేదో కావాలంటే రోమ్ నడిపేది వాడు, పని లెక్కకు ఫ్రీ42 వాడు. దాంట్లో కూడా పెద్ద కోఆర్డినేట్లలోంచి ఉమ్మడి భాగం తీసేసే అలవాటు మానకు, రేపు నీ చేతిలో ఏ మెషీన్ ఉంటుందో తెలీదు.

యాప్ ఏ జాతిదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. డిగ్రీల్లో పెట్టి 9కి వరసగా సైన్, కాస్, టాన్ కొట్టు, తర్వాత ఆర్క్‌టాన్, ఆర్క్‌కాస్, ఆర్క్‌సైన్. తిరిగి 9 రావాలి. మధ్యలో కాస్ దగ్గర 0.9999962727 వస్తుంది. ముందున్నవన్నీ తొమ్మిదులే, అసలు సమాచారమంతా చివరి ఐదు అంకెల్లోనే మిగులుతుంది. అందుకే 15సీ చివరికి 9.000417403 అంటుంది. 42ఎస్ 8.99999864267 అంటుంది. ఫ్రీ42 డెసిమల్‌లో తెర మీద 9 కనిపిస్తుంది.

నీ యాప్‌లు రెండింట్లో ఇది చేసి, వచ్చిన అంకెలన్నీ కింద రాయి. నీ లెక్కలోని కోఆర్డినేట్లు కూడా పెట్టు, నేనూ ఒకసారి వేసి చూస్తాను.