బండి ఆగితే కిస్తీ ఎవరు కడతారు?

ప్రశ్న: మాది కొండపల్లి. నాకు 12 చక్రాల లారీ ఒకటి ఉంది. 2021 మోడల్, 35 టన్నులది. నేనే నడుపుతాను, తోడుగా ఒక డ్రైవర్ ఉన్నాడు. గుంటూరు నుంచి మిర్చి, వేసవిలో నూజివీడు మామిడి ఢిల్లీకి వేస్తాం. వచ్చేటప్పుడు ఆగ్రాలో బంగాళాదుంప లోడు దొరుకుతుంది. నెలకు రెండు ట్రిప్పులు. డీజిల్, టోల్, బేటాలు (డ్రైవర్ల రోజు ఖర్చులు), కమీషన్లు పోగా ట్రిప్పుకు 70 వేలు మిగులుతుంది. కిస్తీ 62 వేలు, ఇంకా 26 నెలలు ఉంది. ఇంటి ఖర్చు 30 వేలు. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల నుంచి 3.8 లక్షల బ్యాలెన్స్ రావాలి, అందులో 2.1 లక్షలు నెలన్నర దాటినవే. ఇప్పుడు 2019 మోడల్ 12 చక్రాల బండి 18 లక్షలకు బేరం కుదిరింది. ఫైనాన్స్ వాళ్లు 13 లక్షలు ఇస్తామన్నారు, 36 నెలలు, నెలకు 46 వేలు. మిగతా ఐదు లక్షల్లో రెండు లక్షలు మా ఆవిడ బంగారం పెట్టి, మూడు లక్షలు తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. 20 వేలు టోకెన్ ఇచ్చాను. రెండు బండ్లుంటే ఒకటి ఆగినా ఇంకోటి లాక్కొస్తుందని నా ఆలోచన. సరైనదేనా? నెలకు 5 వేలు సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) కూడా మొదలుపెట్టనా?

జవాబు: ‘ఒకటి ఆగినా ఇంకోటి లాక్కొస్తుంది’ అన్నారు చూడండి, ఆ ఒక్క మాట కోసమే మీ ఉత్తరం ఎంచుకున్నాను. ఆటోనగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఈ మాట వినిపిస్తుంది. ఒక బండితో నాలుగేళ్లు నిలదొక్కుకుని, రెండోది కొన్న ఏడాదిలోనే రెండూ పోగొట్టుకున్నవాళ్లు కూడా కొనేముందు ఇదే అన్నారు. అందుకని ముందు మీ లెక్కే చూద్దాం.

ట్రిప్పుకు 70 వేల చొప్పున నెలకు 1.4 లక్షలు మిగులుతున్నాయి అంటున్నారు. ఆ లెక్కలో టైర్లు లేవు. ఒక్కో టైరు 20 వేల పైమాటే, మీ బండికి పన్నెండు. రెండేళ్లకోసారి మార్చినా ఏడాదికి లక్షన్నర దాకా దానికే పోతుంది. మీ సైజు బండికి థర్డ్ పార్టీ బీమానే దాదాపు 44 వేలు, ఫుల్ పాలసీ అంటే ఇంకా ఎక్కువ. నేషనల్ పర్మిట్ 16,500. త్రైమాసిక పన్ను, సర్వీసింగ్, బ్రేక్ లైనర్లు, లోడు మీద కప్పే పట్టాలు, తాళ్లు ఉండనే ఉన్నాయి. ఇవన్నీ కలిపి నెలకు 25 వేలు తీసి పెట్టకపోతే మీరు లాభం అనుకుంటున్నది లాభం కాదు, రేపటి టైరు. కాబట్టి మీ బండి నిజంగా తెచ్చేది 1.15 లక్షలు.

ఇప్పుడు రెండో బండి వచ్చింది అనుకోండి. పాత కిస్తీ 62 వేలు, కొత్త కిస్తీ 46 వేలు, మూడు లక్షలకు మూడు రూపాయల వడ్డీ 9 వేలు. మొత్తం 1.17 లక్షలు. బంగారం వడ్డీ ఇందులో కలపలేదు. రెండో బండి ఒక నెల షెడ్డులో పడితే మొదటిది ఒక్క రోజు కూడా ఆగకుండా తిరిగినా ఇంట్లో పొయ్యి వెలిగించకముందే మీకు రెండు వేలు తక్కువ. మొదటిదే ఆగితే? రెండోదాని మీద జీతం డ్రైవర్లే ఉంటారు, పాత బండి, మైలేజీ తక్కువ. అది మీ కిస్తీలు లాక్కురాదు. అంటే ఒక బండి ఇంకో బండిని కాపాడదు, రెండూ కలిసి మిమ్మల్ని లాగుతాయి.

అన్నీ బాగుంటే ఆ బండి ఎంత ఇస్తుందో కూడా చెబుతాను. జీతాలు పోగా నెలకు లక్ష మిగిలిందనుకుందాం, అది కూడా మంచి లెక్కే. కిస్తీ, చేబదులు వడ్డీ, టైర్ల డబ్బు తీసేస్తే 20 వేలు. అందులోంచే బంగారం వడ్డీ కట్టాలి. దీనికోసమా ఇంత?

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ‘తెలిసినవాళ్లే’ అని రాశారు. తెలిసినవాళ్లయితే వడ్డీ తగ్గలేదు కదా! ఏడాదికి 1.08 లక్షలు కట్టాక కూడా అసలు మూడు లక్షలు అలాగే కూర్చుని ఉంటుంది. లారీ సంపాదన మీద ఈ వడ్డీ కట్టి బాగుపడినవాళ్లను నేను చూడలేదు. ఈ మాట మర్యాదగా చెప్పే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

ఇంకో సంగతి, దీన్ని మీకు అమ్ముతున్నవాళ్లు చెప్పి ఉండరు. 2019 మోడల్ అంటే బీఎస్-4, పొగ కాలుష్యం లెక్కలో బీఎస్-6 కంటే పాత ప్రమాణం. ఢిల్లీలో రిజిస్టర్ కాని సరుకు బండ్లు బీఎస్-6 కంటే పాతవైతే 2025 నవంబరు 1 నుంచి అక్కడికి రానివ్వడం లేదు. బీఎస్-4కు మాత్రం 2026 అక్టోబరు 31 వరకు గడువు ఇచ్చారు. మీ లైనే ఢిల్లీ. కిస్తీ 36 నెలలు. గడువు అంతకన్నా చాలా ముందే అయిపోతుంది. 18 లక్షలకే ఎందుకు వస్తోందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

సరే, మరి ఏం చేయాలి? మీకు కావలసింది రెండో బండి కాదు, బండి నిలిచిన రోజుల కోసం డబ్బు. మా నాన్నకు ఒకప్పుడు లారీ ఉండేది. నాగ్‌పూర్ దాటాక క్రౌన్ (వెనక చక్రాలను తిప్పే గేరు) పోయి పదకొండు రోజులు రోడ్డు పక్కన ఉన్నాడు. బాగుచేసే డబ్బు కోసం మా అమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఐదు రూపాయల వడ్డీకి దొరికింది. ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. రిపేరు ఖర్చు మాత్రం పెద్దదేం కాదు. నేను అందరినీ ఈ నిధి గురించే విసిగిస్తానంటే కారణం అదే.

బండి ఆగడానికి మీ తప్పు ఉండనక్కర్లేదు. 2018 జులైలో దేశమంతా లారీల సమ్మె ఎనిమిది రోజులు నడిచింది. 2024 జనవరి మొదట్లో హిట్ అండ్ రన్ (గుద్ది పారిపోవడం) శిక్షల నిబంధన మీద డ్రైవర్లు బండ్లు ఆపేశారు. కరోనా ఏడాదిలో ఆరు నెలలు కిస్తీలు వాయిదా వేసుకునే మారటోరియం ఇచ్చినా వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. ఇలాంటి వారం వచ్చినప్పుడు మీ ఖాతాలో ఉన్నది 40 వేలు. ఒక్క కిస్తీకి కూడా సరిపోదు.

మీ నిధి లెక్క ఇది. మూడు కిస్తీలకు 1.86 లక్షలు. ఇంజిను పనో, గేరుబాక్సో వస్తే లక్షన్నర. బ్యాలెన్సులు ఆగిపోయినా డీజిల్ కొట్టించి ఢిల్లీ వెళ్లిరావడానికి సుమారు 1.35 లక్షలు. ఇంటికి మూడు నెలలవి 90 వేలు. మొత్తం దాదాపు 5.6 లక్షలు. ఎక్కువ అనిపిస్తుంది. రెండో బండికి ఐదు లక్షలు పోగు చేయగలను అనుకున్నప్పుడు మాత్రం ఎక్కువ అనిపించలేదు మీకు.

ఎలా వస్తుంది? ముందు నెలన్నర దాటిన ఆ 2.1 లక్షలు వసూలు చేయండి. పాత బ్యాలెన్స్ ఇచ్చేదాకా ఆ ఆఫీసు లోడు ఎత్తకండి. సీజన్లో లారీ వాళ్లకు కావాలి, అప్పుడే గట్టిగా అడగాలి. కిరాయిలో 90 శాతం అడ్వాన్స్ అడగండి. సరుకు దిగిన రోజే సంతకం, ముద్ర ఉన్న కాగితం ఫొటో పంపండి, అసలు కాగితం మర్నాడే కొరియర్ చేయండి. కిరాయిలోంచి టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తున్నారేమో చూసుకోండి. పది బండ్లలోపు ఉన్నాయని పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కోయకూడదు. ఇది వచ్చాక మీ 40 వేలతో కలిపి 2.5 లక్షలు. మిగతా 3.1 లక్షలకు నెలకు 20 వేలు చొప్పున పదిహేను, పదహారు నెలలు. టైర్ల డబ్బు తీశాక కూడా మీకు నెలకు 23 వేలు మిగలాలి, ఇప్పటిదాకా అది ఎటు పోతోందో ఇంట్లో కూర్చుని చూసుకోండి.

ఈ డబ్బు ఫాస్టాగ్‌కు, డీజిల్ కార్డుకు సంబంధం లేని వేరే ఖాతాలో ఉండాలి. సగం ఎఫ్‌డీలో వేయండి. మీ ఆవిడ పేరు మీద ఉంటే ఇంకా మంచిది, ఆమెను అడగకుండా తీయలేరు. డ్రైవర్ అడ్వాన్సుకు, చలాన్లకు, టైర్లకు ఇది కాదు.

బీమా సంగతి ఒక్క మాటలో: మీరే స్టీరింగ్ మీద ఉంటారు, కాబట్టి 50 లక్షల టర్మ్ పాలసీ (ప్రాణం పోతేనే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. లారీ పాలసీలో ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద బీమా, జీతం డ్రైవర్‌కు కవర్ ఉన్నాయో లేదో చూడండి. కిస్తీ తొందరలో ఓవర్‌లోడ్ వేయకండి. దొరికితే జరిమానా 20 వేలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2 వేలు.

సిప్ ఇప్పుడు వద్దు, నిధి నిండాక చూద్దాం.

ఐటీ రిటర్న్ వేయడం మొదలుపెట్టండి. మీ బండికి టన్నుకు నెలకు వెయ్యి చొప్పున ఏడాదికి 4.2 లక్షల ఆదాయంగా చూపితే సరిపోతుంది. రెండేళ్ల రిటర్నులు చేతిలో ఉంటే రేపు బ్యాంకులో తక్కువ వడ్డీకి అడగవచ్చు. నిధి నిండేసరికి మీకు పది, పదకొండు కిస్తీలే మిగులుతాయి. అవి కూడా తీరాక రెండో బండి గురించి రాయండి, బీఎస్-6 అయితే సంతోషంగా లెక్క వేసిపెడతాను.

టోకెన్ ఇచ్చిన 20 వేలు ఈ వారమే వెనక్కి అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.