కూర గట్టిగా ఉంటే జాతినే తిట్టాలా?

“పశువుకు జన్యు పరీక్ష చేసి మాంసం మెత్తగా ఉంటుందో లేదో ముందే చెప్పొచ్చా? మన జాతుల మాంసం గట్టిగా ఉండడానికి జన్యువులే కారణమా?” అని అడిగారు. కొంతవరకు చెప్పొచ్చు. కానీ మన దగ్గర కూర ఉడకలేదంటే చాలాసార్లు తప్పు జాతిది కాదు, కోసినాక మనం చేసే పనిది.

మాది దేవరకొండ వైపు, ఇంట్లో గొర్రెల మంద ఉంది. మేనల్లుడి కొడుక్కి పుట్టు వెంట్రుకల దావత్ అంటే మా మందలోంచే రెండు పొట్టేళ్లు ఇచ్చాం, రెండూ ఒకే వయసువి, ఒకే తండ్రికి పుట్టినవి. ఒకటి ముందు రోజు రాత్రే కోశారు. చెడిపోతుందని మా బావకు ఒకటే టెన్షన్, ముక్కలు కొట్టించి ఇంకా వెచ్చగా ఉండగానే ఐసు గడ్డల మధ్య పెట్టించాడు. “ఇంత తొందరేంటి బావా, గట్టిపడుతుంది” అంటే “నువ్వేమన్నా డాక్టర్‌వా?” అన్నాడు. రెండోది తెల్లారి కోసి నేరుగా గంజులో వేశారు. అది చక్కగా ఉడికింది. రాత్రిది మాత్రం వంటాయన పచ్చి బొప్పాయి వేసినా, కట్టెలు ఎగదోసినా రబ్బరే. చుట్టాలేమో “ముసలి గొర్రెను కోసి పెట్టారు” అని మా మీద పడ్డారు, అదీ ఫ్రీగా తింటూ!

కోసిన కొన్ని గంటలకు కండ దానంతటదే బిగుసుకుంటుంది, అంతకుముందే పది డిగ్రీల కిందికి చల్లబడితే ముడుచుకుపోయి గట్టిపడుతుంది. ఎముక నుంచి విడదీసిన ముక్కైతే దాన్ని పట్టి ఆపేది కూడా ఉండదు. ఒకే తండ్రి బిడ్డలు, రెండు గంజులు, రెండు రుచులు. ఇంక జాతినెందుకు తిట్టడం?

జన్యువుల సంగతికొస్తే, కోసిన తర్వాత కండ నారలను మెల్లగా తెంచేది కాల్పైన్ అనే ఎంజైమ్, దాన్ని అడ్డుకునేది కాల్పాస్టాటిన్. మన దేశవాళీ ఆవుల్లా మూపురం ఉన్న పశువుల జాతుల్లో ఈ అడ్డుకునేది ఎక్కువ, అందుకే బ్రాహ్మన్ పశువుల మాంసం గట్టిదని పేరు. విదేశాల్లో బీఫ్ పశువులకు మొదట్లో వచ్చిన మెత్తదనం పరీక్షలు ముఖ్యంగా చూసింది ఈ రెండు జన్యువుల్లోని తేడాలనే. కాల్పైన్ జన్యువులో మొదట దొరికిన 316 అనే మార్కర్ (జన్యువులో తేడాను పట్టించే గుర్తు) యూరప్ జాతుల్లో పనికొచ్చింది గానీ, మూపురం జాతుల్లో దానిలో మెత్తదనాన్నిచ్చే రకం చాలా అరుదు. తర్వాత వచ్చిన 4751 రెండింటిలోనూ పనిచేసింది. అయినా మొత్తం తేడాలో మార్కర్ల వాటా చిన్నదే, వయసు, చల్లబరిచే తీరు, కోసిన మాంసాన్ని ఎన్నాళ్లు మాగబెట్టారు (చల్లగా నిలవ ఉంచారు) అన్నవి కూడా కలవాలి.

బ్రెజిల్‌లో ఎక్కడ చూసినా కనిపించే నెలోర్ పశువులు మన ఒంగోలు జాతి సంతతే. వాళ్లు దాంతోనే ప్రపంచానికి బీఫ్ అమ్ముతుంటే, ఇక్కడ మనవాళ్లు “దేశవాళీ గట్టిగా ఉంటుంది” అని మూతి విరుస్తారు. ముందు మటన్ కొట్టులో ముసలి గొర్రెను పొట్టేలని అంటగట్టడం ఆగితే, జన్యు పరీక్షల సంగతి తర్వాత చూసుకుందాం.