సీపీఎంటూల్స్‌లో పేర్లు బాగానే వచ్చి ఫైళ్లలో చెత్త వస్తోందా? స్క్యూ చూడండి

అడిగిన ప్రశ్న ఇది: సీపీ/ఎం అనే 1970ల నాటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన 8 అంగుళాల డిస్కు ఇమేజ్ (డిస్కు మొత్తాన్నీ నకలు చేసిన ఫైలు) ఒకటి ఉంది, సైజు 2,56,256 బైట్లు. అందులోని ఉత్తరాలు, బేసిక్ ప్రోగ్రాములు తీసుకోవడానికి సీపీఎంటూల్స్ అనే పనిముట్టు వాడుతున్నారు. ఫార్మాట్ వివరాలు సొంతంగా రాసుకున్నారు: సెక్టరుకు 128 బైట్లు, 77 ట్రాకులు, ట్రాకుకు 26 సెక్టర్లు, బ్లాకు (ఫైలుకు ఒక్కసారి కేటాయించే జాగా) 1024, డైరెక్టరీలో 64 ఎంట్రీలు, బూట్ ట్రాకులు 2, స్క్యూ (సెక్టర్లను ఎన్నేసి దూరంలో వాడాలో చెప్పే అంకె) 0. జాబితా అడిగితే పదకొండు ఫైళ్ల పేర్లూ వచ్చాయి. మొదటి ఉత్తరం తెరిస్తే మాత్రం నెత్తిన సున్నా ఉన్న ఇంగ్లీషు ‘ఎ’ బారులు, మధ్యమధ్యలో తెగిపోయిన వాక్యాలు. ఇమేజ్ పాడైందా, డిస్కును మళ్లీ చదివించాలా అని అడుగుతున్నారు.

పాడవలేదండీ. డిస్కు జోలికి వెళ్లకండి. మీరు రాసుకున్న ఏడు అంకెల్లో ఆరు సరైనవే, చివరి సున్నా ఒక్కటే తప్పు. అక్కడ 6 ఉండాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ చెత్తకు ఒక క్రమం ఉంది. ఈ ఫార్మాట్‌లో సీపీ/ఎం సెక్టర్లను 1, 2, 3 అని వరసగా వాడదు. 1, 7, 13, 19, 25, 5, 11, 17, 23, 3, 9, 15, 21, 2, 8, 14, 20, 26, 6, 12, 18, 24, 4, 10, 16, 22 అనే వరసలో వాడుతుంది. డైరెక్టరీ 64 ఎంట్రీలు, ఒక్కోటి 32 బైట్లు, అంటే 16 సెక్టర్లు. ఈ వరసలో మొదటి పదహారూ అవే. 17వ స్థానం నుంచి, అంటే 20వ సెక్టరు నుంచి, మొదటి ఫైలు మొదలవుతుంది. స్క్యూ 0 అని చెబితే పనిముట్టు ఆ మొదటి ఫైలు కోసం 17 నుంచి 24 దాకా వరసగా చదువుతుంది. 17 డైరెక్టరీది. 18 మీ ఉత్తరంలో ఐదో ముక్క. 19 డైరెక్టరీ. 20 దగ్గర అసలు మొదటి ముక్క. 21 మళ్లీ డైరెక్టరీ. 22 తర్వాతి బ్లాకులోది. 23 డైరెక్టరీ. 24 ఆరో ముక్క. మీకున్నవి పదకొండు ఫైళ్లే కాబట్టి ఆ డైరెక్టరీ సెక్టర్లు నాలుగూ ఖాళీ. ఖాళీ ఎంట్రీకి గుర్తు హెక్స్‌లో ఈ5 అనే బైటు, లాటిన్ అక్షరాల పట్టికలో అదే నెత్తిన సున్నా ఉన్న ‘ఎ’. మీరు పెట్టిన నమూనాలో 128 సున్నా-‘ఎ’లు, వాక్యం మధ్యలోంచి ఒక ముక్క, మళ్లీ 128, ఆ తర్వాత ‘డియర్ సర్’. లెక్క అక్షరం తేడా లేకుండా సరిపోయింది. పాడైన డిస్కు ఇంత క్రమంగా పాడవదు.

మరి పేర్లు ఎలా సరిగ్గా వచ్చాయి? డైరెక్టరీలో మొదటి మూడు సెక్టర్లు 1, 7, 13. స్క్యూ 0తో చదివే 1 నుంచి 16లోపే ఈ మూడూ ఉన్నాయి. సెక్టరుకు నాలుగు ఎంట్రీలు కాబట్టి మొదటి పన్నెండు ఎంట్రీలూ స్క్యూ తప్పైనా దొరుకుతాయి. మీకు పదకొండే ఉన్నాయి. ఇంకో రెండు ఉంటే పదమూడోది 19వ సెక్టరులోకి వెళ్లి మాయమయ్యేది, అనుమానం అక్కడే మొదలయ్యేది. పోతే 4, 6, 10, 12 సెక్టర్లు నిజానికి మొదటి ఫైలు లోపలి పాఠం. అక్కడ 32 బైట్లకోసారి పడే మొదటి అక్షరం, ఎంట్రీ మొదట్లో ఉండే యూజర్ నంబరు స్థానంలోకి వస్తుంది. అది మామూలు అక్షరమైతే చెల్లే యూజర్ నంబరు కాదు. కానీ సరిగ్గా అక్కడ లైను చివరి గుర్తు పడితే దాని విలువ 13 లేదా 10. అప్పుడు యూజర్ 13లోనో 10లోనో ఎవరూ పెట్టని ఒక వింత ఫైలు పుట్టుకొస్తుంది. అలాంటివి కనిపిస్తే చెరపకండి. చెరిపితే మీ ఉత్తరం మధ్యలో ఒక బైటు ఈ5గా మారిపోతుంది.

అందుకే చెబుతున్నాను, పేర్ల జాబితా రావడం పరీక్షే కాదు. కనీసం రెండు కిలోబైట్ల మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి బయటికి తీసి 128వ అక్షరం దగ్గర, 1024వ అక్షరం దగ్గర వాక్యం తెగకుండా సాగుతోందా చూడండి. 128 దగ్గర తెగితే స్క్యూ తప్పు. 128 దాటి 1024 దగ్గర తెగితే బ్లాకు సైజు తప్పు. మొదటి అక్షరం నుంచే వేరే ఫైలు పాఠం వస్తుంటే బూట్ ట్రాకులో, బ్లాకు సైజులో చూడాలి.

సరిచేయడానికి కొత్తగా ఏమీ రాయక్కర్లేదు. ఐబీఎం-3740 అన్న పేరుతో ఇదే ఫార్మాట్ పనిముట్టుతోపాటే వస్తుంది. ఏ పేరూ ఇవ్వకపోతే అది తీసుకునేదీ ఇదే. అయితే ముందు మీరు ఫార్మాట్ వివరాలు రాసుకున్న డిస్క్‌డెఫ్స్ ఫైలును ఆ ఫోల్డర్‌లోంచి తీసేయండి, లేదా పేరు మార్చండి. మీరున్న ఫోల్డర్‌లో ఆ పేరుతో ఫైలు ఉంటే సీపీఎంటూల్స్ దాన్నే చదువుతుంది, సిస్టమ్‌తో వచ్చినదాన్ని అసలు తెరవదు. రెండూ కలిపి చదువుతుందనుకుని, తెలిసిన ఫార్మాట్ పేరిచ్చినా దొరకడం లేదంటూ తల పట్టుకునేవాళ్లు చాలామంది. డెబియన్, ఉబుంటులలో అసలు ఫైలు ఈటీసీ కింద సీపీఎంటూల్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. సొంత ఫార్మాట్ కావాలంటే దాన్ని కాపీ చేసుకుని చివర కలపండి.

ఈ 6 ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలియాలి, లేకపోతే దొరికిన ప్రతిచోటా 6 పెట్టేస్తారు. 8 అంగుళాల డిస్కు నిమిషానికి 360 సార్లు తిరుగుతుంది, చుట్టుకు 167 మిల్లీసెకన్లు. 26 సెక్టర్లు కాబట్టి ఒక్కోటి హెడ్ కింద ఉండేది ఆరు మిల్లీసెకన్ల పైచిలుకు. 2 మెగాహెర్ట్జ్ 8080 ప్రాసెసర్ ఒక సెక్టరు అందుకుని తర్వాతిదాన్ని అడిగేలోపు అది దాటిపోతుంది. బస్సు తప్పితే తర్వాతి ట్రిప్పు దాకా ఆగినట్టు, చుట్టంతా ఆగాలి. అలా అయితే ఒక ట్రాకు చదవడానికి 26 చుట్లు, నాలుగు సెకన్లకు పైనే. ఆరేసి సెక్టర్ల దూరంలో చదివితే 6 చుట్లలో, ఒక సెకనులో అయిపోతుంది. గ్యారీ కిల్డాల్ సీపీ/ఎం రాసిన 1974 నాటి యంత్రాలకు ఇది పెద్ద లాభం. తర్వాతి యంత్రాల్లో చాలావరకు సెక్టర్ల వరసను ఫార్మాట్ చేసేటప్పుడే డిస్కు మీద మార్చి రాశారు, కాబట్టి వాటికి ఇక్కడ స్క్యూ 0. మెమరీ కార్డులకు తిరిగే పళ్లెమే లేదు, అక్కడా 0. ఇమేజ్ తీసినవారి పనిముట్టు సెక్టర్లను ముందే సర్ది రాసి ఉంటే ఐబీఎం-3740 డిస్కుకు కూడా 0 సరైనదవుతుంది. మీదైతే అలా కాదని పైన తేలింది.

ఇక ఇమేజ్ సైజు చూసి ఫార్మాట్ ఊహించే అలవాటు. 2,56,256 అయితే దాదాపు నమ్మవచ్చు, 77×26×128 అంతే. కానీ 2,04,800 చూడగానే కేప్రో 2 అనేస్తారు. కేప్రో 2లో 40 ట్రాకులు, పదేసి సెక్టర్లు, 512 బైట్లు. ఆస్‌బోర్న్ 1 డబుల్ డెన్సిటీలో 40 ట్రాకులు, ఐదేసి సెక్టర్లు, 1024 బైట్లు. రెండూ 2,04,800 బైట్లే. తేడా బూట్ ట్రాకుల్లో ఉంది: కేప్రోకు ఒకటి, ఆస్‌బోర్న్‌కు మూడు. ఫైలులోని బైట్లను చూపే హెక్స్ వ్యూయర్‌లో తెరిచి పేర్లు ఎక్కడ మొదలయ్యాయో చూడండి. 5,120వ బైటు దగ్గరైతే కేప్రో, 15,360 దగ్గరైతే ఆస్‌బోర్న్. మీ ఇమేజ్‌లో 6,656 దగ్గర ఉండాలి, రెండు ట్రాకులు వదిలాక.

హెక్స్ వ్యూయర్ తెరిచారు కాబట్టి డైరెక్టరీ సైజు కూడా అక్కడే లెక్కగట్టవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. ప్రతి ఎంట్రీలో మొదటి బైటు యూజర్ నంబరు, తర్వాత ఎనిమిది పేరు, మూడు ఎక్స్‌టెన్షన్. చివరి పదహారు బైట్లు ఆ ఫైలు వాడిన బ్లాకుల నంబర్లు. డిస్కు మొత్తంలో సున్నా కాని అతి చిన్న బ్లాకు నంబరు వెతకండి. దాన్ని బ్లాకు సైజుతో గుణించి 32తో భాగిస్తే డైరెక్టరీ ఎంట్రీల సంఖ్య. మీ డిస్కులో 2 వస్తుంది, రెండు 1024లు 2048, 32తో భాగిస్తే 64. మొదటి ఫైలును ఎప్పుడో చెరిపేసి ఉంటే ఈ లెక్క పెద్దగా వస్తుంది, అప్పుడు ఈ5తో మొదలైన చెరిపిన ఎంట్రీలనూ లెక్కలోకి తీసుకోండి. డిస్కులో బ్లాకు నంబర్లు 255 దాటితే ఒక్కో నంబరు రెండు బైట్లు పడుతుంది, చిన్న బైటు ముందు.

స్క్యూ సరిచేశాక మీరు తప్పకుండా అడగబోయేవి ఇంకొన్ని ఉన్నాయి. ఫైలు పేరిస్తే దొరకలేదంటే ముందు సున్నా, కోలన్ పెట్టలేదని అర్థం. ఆ సున్నా యూజర్ నంబరు, కాపీ చేసే సీపీఎంసీపీ ఆదేశం అది చూసే ఏది డిస్కు వైపో తెలుసుకుంటుంది. అన్నీ ఒకేసారి తీయాలంటే సున్నా, కోలన్, నక్షత్రం. దాన్ని కోట్స్‌లో పెట్టండి, లేకపోతే షెల్ మధ్యలో వేలు పెడుతుంది. డిస్కులోకి రాసేటప్పుడు అదే పేరు అక్కడుంటే పైన రాయదు, ముందు సీపీఎంఆర్ఎంతో తీసేయాలి. రాసే పనంతా ఇమేజ్ కాపీ మీదే చేయండి. తనిఖీకి ఎఫ్ఎస్‌సీకే వాడితే హైఫన్ ఎన్ తప్పనిసరి, అది మరమ్మతు చేయకుండా చూపించి ఊరుకుంటుంది. స్క్యూ తప్పుగా ఉన్నప్పుడు హైఫన్ ఎన్ లేకుండా నడిపితే బాగున్న డిస్కును అదే పాడుచేయవచ్చు.

తీసిన ప్రతి ఫైలు సైజూ 128తో భాగించబడుతుంది. సీపీ/ఎం 2.2కు బైట్లలో అసలు పొడవు తెలియదు, రికార్డుల లెక్కే తెలుసు. టెక్స్ట్ ఎక్కడ ముగిసిందో హెక్స్‌లో 1ఎ అనే బైటు చెబుతుంది, దాని తర్వాతిదంతా పాత చెత్తే. హైఫన్ టీ ఇస్తే సీపీఎంసీపీ 1ఎ దగ్గర ఆపి, లైను చివర్లను కూడా మారుస్తుంది. ఈ సలహాను చాలాచోట్ల అన్ని ఫైళ్లకూ ఇచ్చేస్తుంటారు, అది నిజంగా నష్టం చేసే సలహా. ప్రోగ్రాం ఉండే కామ్ ఫైలులో మొదటి 1ఎ ఎక్కడ పడితే అక్కడ ప్రోగ్రాం తెగిపోతుంది, హెచ్చరిక కూడా రాదు. టెక్స్ట్‌కు మాత్రమే వాడండి, మిగతావి ఉన్నవి ఉన్నట్టు తీయండి.

మీ బేసిక్ ప్రోగ్రాములు స్క్యూ సరిచేశాక కూడా చదవడానికి రావు, కంగారు పడకండి. ఎంబేసిక్ (సీపీ/ఎంలో నడిచే మైక్రోసాఫ్ట్ బేసిక్) ఫైలు మొదటి బైటు 255 అయితే అది కుదించి దాచిన రూపం. ఎమ్యులేటర్‌లో ఎంబేసిక్ నడిపి, లోడ్ చేసి, సేవ్ ఆదేశం చివర కామా, ఎ పెట్టి మళ్లీ దాచితే మామూలు పాఠం అవుతుంది.

ఉత్తరాల్లో ప్రతి మాట చివరి అక్షరం వింతగా కనిపిస్తే అది వర్డ్‌స్టార్ అనే పాత వర్డ్ ప్రాసెసర్ పని. మాట చివరి అక్షరానికి ఎనిమిదో బిట్ పెట్టడం దాని పద్ధతి. మన ఊళ్లలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో డాస్ మీద వర్డ్‌స్టార్ నేర్చుకున్నవారి పాత ఫైళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. ఆ బిట్ తీసేయడం సులువే, కానీ వరస ముఖ్యం. ముందు 8డీ, 0ఎ జంటలను ఖాళీతో మార్చండి, అవి వర్డ్‌స్టార్ తనంతట విరిచిన లైన్లు. ఆ తర్వాతే మిగతా అక్షరాల ఎనిమిదో బిట్ తీయండి. తిరగేసి చేస్తే 8డీ కాస్తా 0డీ అయి, పేరా ఎక్కడ ముగిసిందో, లైను ఎక్కడ విరిగిందో తేల్చలేరు.

మైకేల్ హార్ట్ రాసిన ఈ పనిముట్టు తన పని తాను సరిగ్గానే చేస్తోంది. నా అసలు ఫిర్యాదు ఇమేజ్‌లు పంచేవాళ్ల మీద. డిస్కు చదివి, సెక్టర్లు అతికించి, డాట్ ఐఎంజీ అని పేరు పెట్టి వదిలేస్తారు. ట్రాకులెన్ని, సెక్టర్లెన్ని, స్క్యూ సర్దారా లేదా అన్నది ఎక్కడా ఉండదు. పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో డిస్క్‌డెఫ్ లైన్లు రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. దయచేసి మీరు మాత్రం ఈ ఇమేజ్‌ను ఎవరికైనా ఇచ్చేటప్పుడు అది రాసి ఇవ్వండి, స్క్యూ 6 అని, సెక్టర్లు డిస్కు మీది వరసలోనే ఉన్నాయని.

ఐబీఎం-3740తో తీసి చూడండి. అప్పటికీ 128 దగ్గర వాక్యం తెగితే, 6,656వ బైటు నుంచి 512 బైట్ల హెక్స్ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.