ఫార్మ్ షేర్‌కు ముందే డబ్బు కట్టవచ్చునా?

మసాచుసెట్స్‌కు వచ్చి ఎనిమిది నెలలైందనీ, ఆఫీసులో తోటివారు ఫార్మ్ షేర్‌లో, అంటే ఒక పొలం పంటలో వాటాదారుగా, చేరమని పోరు పెడుతున్నారనీ, చలికాలంలోనే వందల డాలర్లు కట్టించుకుని వేసవి నుంచి వారం వారం ఏవో ఆకులూ దుంపలూ చేతిలో పెడతారట కదా, అవి మన వంటకు పనికివస్తాయా అనీ అడిగారు. పనికివస్తాయమ్మా. అయితే నేను మొదటి ఏడాది చేసినట్లు చేస్తే మాత్రం సగం చెత్తబుట్టలోకి పోతాయి. మీ తరంవారు దేనికైనా ఫోను తీసి చూస్తారు కానీ, ఈ విషయంలో డబ్బు ఎక్కడెక్కడ కారిపోతుందో ఫోను చెప్పదు.

నేను మొదటిసారి చేరినది 2009లో. అప్పటికి మావారి కంపెనీలో రెండు విడతలుగా మనుషులను తీసేశారు. మూడో విడతలో ఎవరి పేరు వస్తుందోనని ఇంట్లో రోజూ అదే చర్చ. అటువంటి సమయంలో, బయట మోకాలి లోతు మంచు ఉండగా, ఒక్క కాయ కూడా కంటితో చూడకుండా, నేను ఇరవై వారాలకుగాను ఆరు వందల డాలర్ల చెక్కు రాసి ఇచ్చాను. అప్పుడు డాలరు యాభై రూపాయల దగ్గర ఉండేది. ముప్పై వేల రూపాయలతో రేపల్లె దగ్గర మా ఊళ్లో ఎన్నాళ్లు కూరగాయలు కొనవచ్చునో ఆ రాత్రి లెక్క వేసుకుంటూ చాలాసేపు మేలుకునే ఉన్నాను. ఇప్పటికీ రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు పోలేదు. పోవాలని నేను కోరుకోవడం కూడా లేదు.

ఈ సంగతి ఫోనులో చెబితే మా నాన్నగారు నవ్వారు. మన వైపు మిర్చి వేసే రైతుకు పెట్టుబడి కావాలంటే కమీషను వ్యాపారి దగ్గరకు వెళ్లాలి. ఆయన అప్పు ఇస్తాడు, వడ్డీ తీసుకుంటాడు, పండిన సరుకు కూడా తన కొట్టుకే తోలించుకుంటాడు. ఇక్కడ ఆ పెట్టుబడి తినేవాళ్లే పెడుతున్నారు, వడ్డీ కూరగాయల రూపంలో వస్తుంది. "రైతుకు అంతకంటే ఏం కావాలి! కానీ పంట పోతే నీ డబ్బు కూడా పోయినట్టే, అది తెలిసే ఇచ్చావా?" అన్నారాయన. నాకు తెలియలేదు. ఆ పద్ధతి అసలు ఉద్దేశమే అది. ఐరోపాలో ఉన్న ఆలోచనను తెచ్చి, 1986లో ఈ మసాచుసెట్స్‌కే పడమటి కొసన ఉన్న సౌత్ ఈగ్రిమాంట్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్‌వారు, పక్కనున్న న్యూహాంప్‌షైర్‌లో టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్‌వారు ఈ దేశంలో మొదలుపెట్టినప్పుడే, లాభమూ నష్టమూ రైతూ తినేవాళ్లూ కలిసి పంచుకోవాలన్నది ముఖ్యమైన షరతు. ఒప్పంద పత్రంలో అది రాసే ఉంటుంది. నేను సంతకం చేశాను, చదవలేదు.

ఆ ఏడాది జూన్ అంతా వానలు, చలి. దానికి తోడు అమెరికా ఈశాన్య రాష్ట్రాలన్నిటిలోనూ టమాటా తోటలకు లేట్ బ్లైట్ తెగులు సోకింది. 1840లలో ఐర్లండులో బంగాళాదుంప పంటను నాశనం చేసి కరవు తెచ్చిన తెగులే ఇది. పెద్ద పెద్ద దుకాణాలలో అమ్మిన నారు మొక్కలతో ఊరూరా పాకిందని పేపర్లలో రాశారు. టమాటాలు వస్తే ఏడాదికి సరిపడా నిలవ పచ్చడి పెట్టి, షేరుకు కట్టిన డబ్బులో నాలుగో వంతు ఒక్క ఆగస్టులోనే రాబట్టుకోవచ్చునని నేను లెక్కలు వేసుకుని కూర్చున్నాను. మొక్కలన్నీ పీకివేయవలసి వచ్చిందని పొలం నుంచి ఉత్తరం వచ్చింది. ఆ సీజను మొత్తానికి నాకు దొరికినవి పదకొండు టమాటాలు. కనుక మీరు కట్టే డబ్బును కూరగాయల ఖరీదు అనుకోకండి, చిట్టీ పాట కూడా అనుకోకండి. రైతుతో కలిసి చేసే సాగులో మీ వాటా అనుకోండి. ఆ మాత్రం నష్టం తట్టుకోలేని నెలలు మీకు నడుస్తున్నట్లయితే, ఈ ఏడాదికి వారపు సంతలో అవసరమైనవి కొనుక్కుని, వచ్చే ఏడాది చేరండి.

ఇక వంట సంగతి. మొదటి వారం సంచీలో వచ్చినవన్నీ ఆకులే: లెట్యూస్ రెండు రకాలు, ఆరుగులా, కేల్, ఆవ ఆకు, ఆకులతో సహా ముల్లంగి కట్ట, పైన మెలికలు తిరిగిన పచ్చని వెల్లుల్లి కాడలు. అవి ఏం చేయాలో తోచక ఫ్రిజ్‌లో పెట్టి, శనివారం ఎప్పటిలాగే ఇండియన్ స్టోరుకు వెళ్లి బెండకాయలు, దొండకాయలు, వంకాయలు తెచ్చుకుని వండుకున్నాను. మరుసటి గురువారానికి ఆకులు కుళ్లిపోయాయి, రెండో సంచీ వచ్చింది. ఇలా అయిదు వారాలు నడిచింది. ఒకే భోజనానికి రెండుసార్లు డబ్బు ఇస్తున్నానని మావారు చెప్పేదాకా నాకు తట్టలేదు! ఆ సీజనులో పారేసినవాటి ఖరీదు నేను తరువాత ఒక నోటు పుస్తకంలో కట్టి చూస్తే నూట డెబ్బై డాలర్లు తేలింది, అంటే ఎనిమిదిన్నర వేల రూపాయలు.

నేను చేసిన అసలు తప్పు, కూర పేరు ముందు అనుకుని దానికి కాయ వెతకడం. ఈ రోజు గుత్తివంకాయ అనుకుంటే సంచీలో వంకాయ ఉండదు. సంచీ ఇంటికి వచ్చాక అందులో పప్పులోకి వెళ్లేదేది, పులుసులోకి వెళ్లేదేది, పచ్చడికి నిలిచేదేది, పొడి కూరకు పనికివచ్చేదేది అని వేరు చేసుకుంటే ఊళ్లో మన అమ్మలు పెరట్లోకి వెళ్లి దొరికినదాన్ని బట్టి వండినట్లే అవుతుంది. స్విస్ చార్డ్ ఆకు పాలకూరలాగా కందిపప్పులో కలిసిపోతుంది. దాని లావు కాడలను పారేయకండి, తోటకూర కాడల పులుసు పెట్టినట్లే చింతపండూ బెల్లమూ వేసి పెట్టండి. కేల్ మొండి ఆకు. దాన్ని పప్పుతో పాటు కుక్కరులో పెడితేనే లొంగుతుంది. లేదా సన్నని మంట మీద పెళపెళలాడేలా వేయించి, ఎండుమిర్చి, మినప్పప్పు, ధనియాలతో కరివేపాకు పొడిలాగా దంచితే నెల రోజులు ఉంటుంది. ముల్లంగి ఆకు, బీట్‌రూట్ ఆకు పెసరపప్పుతో పొడి కూరకు బాగుంటాయి. వాటికి వేరే ధర ఉండదు కనుక నా లెక్కలో అవి ఉచితం. ఆవ ఆకు చేదును మొదట నేను పప్పులో వేసి ఇంటిల్లిపాదికీ తినిపించాను. పులుసుబెల్లం పెడితే తప్ప అది మన నోటికి ఎక్కదు. సారెల్ అనే ఆకు ఎప్పుడైనా వస్తే వదలకండి, అది మన చుక్కకూరకు దాయాది.

జూలై నుంచి జుకినీ మొదలవుతుంది, ఆపమన్నా ఆగదు. లేతవాటిని బీరకాయలాగా, ముంజేయంత పెరిగినవాటిని గింజలు గీకివేసి సొరకాయలాగా వాడుకోండి. పాలు పోసిన కూరకు, పచ్చడికి, బజ్జీలకు సరిపోతుంది, కానీ నీరు విపరీతంగా వదులుతుంది కనుక ఉప్పు చివర వేయాలి. నూల్‌కోల్ తొక్క చేదు కాదు కానీ పీచు. ఒకటికి రెండు పొరలు చెక్కండి. టొమాటిల్లో సంగతి చెబితే మీరు నవ్వుతారు. పైన పల్చని తొడుగుతో వచ్చిన ఆ కాయలు పచ్చి టమాటాలనుకుని, ఎర్రబడతాయని కిటికీలో పెట్టి రెండు వారాలు ఎదురుచూశాను. అవి ఎర్రబడే కాయలు కావు, మెత్తబడి పాడయ్యాయి. పులుపు ఎక్కువ కనుక పప్పులో మామిడికాయ స్థానంలో వేయవచ్చు. పల్లీలు, పచ్చిమిర్చి వేయించి నూరితే రోటి పచ్చడికి ఇంతకంటే మంచి కాయ ఈ దేశంలో నాకు కనపడలేదు.

మొక్కజొన్న పొత్తులు వచ్చిన వారం మాత్రం నేను గర్వానికి పోయాను. ఆరుగురిని భోజనానికి పిలిచి మొక్కజొన్న గారెలు వేయబోతే, రుబ్బిన పిండి నూనెలో విచ్చుకుపోయింది. మన ఊరి పొత్తు గింజలో పిండి ఉంటుంది. ఇక్కడి తీపి మొక్కజొన్నలో పాలూ చక్కెరా తప్ప పట్టు ఉండదు. నానబెట్టిన శనగపప్పు రుబ్బి కలిపి, పిడికెడు బియ్యప్పిండి వేస్తే గానీ గారె నిలవదని, ఒక సీసా నూనె పాడయ్యాక తెలిసింది.

నిల్వ పద్ధతి గురించి అందరూ ఏవేవో చెబుతారు, నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవే చెబుతాను. సంచీ రాగానే అన్నీ కడిగి తడితడిగా ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఆకులు రెండు రోజుల్లో జిగురెక్కుతాయి. పొడి తువ్వాలులో చుట్టి పెట్టి, వండబోయే ముందు కడగండి. ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్ తలలు వచ్చిన రోజే కోసివేయాలి, లేకపోతే ఆకు దుంపలోని తేమను లాగేసి దుంపను వడిలిపోయేలా చేస్తుంది. టమాటాలను ఫ్రిజ్‌లో పెడితే రుచి పోతుంది. తెగులు లేని సంవత్సరాలలో ఆగస్టు చివరికి అవి ఎంతగా వస్తాయంటే, మచ్చలున్నవాటిని పొలంవారే పెట్టెల లెక్కన చవకగా ఇస్తారు. నేను ఉడికించి గుజ్జు తీసి ఫ్రీజరులో పెడతాను. నిలవ పచ్చడికి డెక్ మీద ఎండబెట్టిన సంవత్సరం ఒకసారి వాన, ఒకసారి ఉడుతలు. సీసాలలో మూతలు బిగించి నిల్వ చేసే పద్ధతికి ఇక్కడి వ్యవసాయ శాఖవారి నియమాలు ఉన్నాయి, అవి చదవకుండా ఆ పనికి దిగకండి.

ఇద్దరు మనుషులకు నిండు షేరు అక్కరలేదు, సగం షేరు చాలు. సగం షేరు లేని పొలమైతే మరో కుటుంబంతో పంచుకోండి, కానీ పంపకం పద్ధతి మొదటే తేల్చుకోండి. మేము ఒక తెలుగు కుటుంబంతో కలిసి తీసుకున్న ఏడాది, మూడు వంకాయలు వచ్చిన వారం అన్నదమ్ముల ఆస్తి పంపకాన్ని మించిపోయింది. తరువాత సంచీని కోయడం మాని, ఒక వారం వాళ్లకు, ఒక వారం మాకు అనుకున్నాక స్నేహం నిలిచింది. ఇండియా ప్రయాణాలను కూడా లెక్కలో పెట్టుకోండి. 2010 శ్రావణంలో మా మరిది పెళ్లికి వెళ్లి, నా బదులు తెచ్చుకోమని ఎవరికీ చెప్పనందువల్ల మూడు వారాల సంచీలు, తొంభై డాలర్లు, వదులుకున్నాను. సాయంత్రం ఏడింటిలోగా ఎవరూ తీసుకోని సంచీలను పొలంవారు ఆహార వితరణ కేంద్రాలకు ఇచ్చివేస్తారు. పుణ్యమే అనుకోండి, కానీ ఆ పుణ్యం నేను సంకల్పించి చేసినది కాదు. సెలవు వారాలు మార్చుకునే వీలు, వాయిదాలలో కట్టే వీలు, పొలంలో పనిచేసి కొంత తగ్గించుకునే వీలు ఉన్నాయో లేదో మీరు చేరబోయే పొలంవారి వెబ్‌సైటులో చూసుకోండి. ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి.

ఒక లాభం మాత్రం ఏ ఒప్పంద పత్రంలోనూ ఉండదు. బీన్స్ మనమే కోసుకోవడానికి పొలంలోకి రానిచ్చిన రోజున, మొక్కల వరుసల మధ్య నేల మీద పరుచుకుని ఉన్న పాయలకూరను చూశాను, తెలంగాణవారు గంగవాయిల కూర అంటారు. పక్కనే తోటకూర జాతి మొక్కలు నడుము ఎత్తున ఉన్నాయి. రైతుకు అవి రెండూ కలుపే. కోసుకోవచ్చునా అని అడిగితే, ఆ పెద్దమనిషి నాకు మతి చలించిందేమోనన్నట్లు చూసి, ఎంత కావాలంటే అంత పట్టుకెళ్లమన్నాడు. పప్పులోకి పులుపూ జిగురూ సమంగా ఉన్న ఆ కూర కోసం ఇప్పుడు ప్రతి జూలైలోనూ రెండు సంచులతో వెళతాను. పాయలకూరను పోలిన మరో పాకుడు మొక్క ఉంటుంది. కాడ తుంచితే తెల్లని పాలు కారుతాయి, దాన్ని ముట్టుకోకండి.

సీజను చివర, అక్టోబరులో వచ్చే బటర్‌నట్ స్క్వాష్‌లను వెంటనే వండేయాలని తొందరపడకండి. దెబ్బ తగలనివి, తొడిమ ఉన్నవి ఏరి, చలీ వేడీ ఎక్కువ లేని పొడి గదిలో పెడితే నెలల తరబడి ఉంటాయి. బేస్‌మెంట్‌లో దాచిన కాయతో మా ఇంట్లో సంక్రాంతికి దప్పళం పెడతాను, ముదురు గుమ్మడికాయ దొరకలేదని ఎవరూ అనలేదు. జనవరిలో స్టోరుకు వెళ్లి కొనే పని లేకుండా పండుగ గడుస్తుందంటే ఆ కాయ ఖరీదును ఏ నెల ఖాతాలో రాయాలో నాకు ఇప్పటికీ తేలదు.

నోటు పుస్తకం ఇప్పటికీ రాస్తున్నాను. పోయిన సీజనులో పారేసిన పద్దు నాలుగు డాలర్లు, అదీ మూడు సోంపు గడ్డలది. ఫెన్నెల్ అంటారు, చూడడానికి ఉల్లిపాయలా ఉంటుంది, సాంబారులో వేస్తే సాంబారంతా హోటలులో బిల్లుతో పాటు ఇచ్చే సోంపు పళ్లెం వాసన వస్తుంది. మీకు దానితో ఏదైనా కూర కుదిరితే నాకు రాయండి.