ఎదుటి కుర్చీలో మనిషి: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

పరాయి దేశాల వంటలు వడ్డించే రెస్టారెంట్ల మీద నువ్వు రాసి పంపిన వ్యాసాలు తీరిగ్గా చదివాను. వాక్యం నీకు వచ్చు, దాని గురించి బెంగ లేదు. నా పేచీ వేరే. ప్రతి వ్యాసమూ "నేనూ, నా ఫ్రెండూ కలిసి వెళ్లాం" అని మొదలవుతుంది. రెండో పేరాకల్లా ఆ ఫ్రెండ్ మాయం. మళ్లీ బిల్లు దగ్గర ప్రత్యక్షం. మధ్యలో తిన్నదీ నువ్వే, మెచ్చుకున్నదీ నువ్వే, తీర్పు చెప్పిందీ నువ్వే. మరి ఎదుటి కుర్చీలో మనిషి అంతసేపూ ఏం చేస్తున్నట్టు?

పరాయి దేశం వంట తినడానికి ఇద్దరు వెళ్తే నాలుగు రకాలు రుచి చూడొచ్చు, నిజమే. రాసేవాడికి దాన్ని మించిన లాభం ఇంకోటుంది. ఒకే ముద్ద ఇద్దరి నోళ్లలో రెండు రకాలుగా ఉంటుంది. కొత్తిమీరే తీసుకో. కొందరికి అది సబ్బులా అనిపిస్తుంది. వాసన పసిగట్టే ఒక జన్యువులో ఉండే తేడా అందుకు కొంత కారణమని పరిశోధకులు గుర్తించారు. వియత్నాం వాళ్ల నూడుల్స్ సూప్ ఉంది కదా, ఫో అంటారు, ఆ గిన్నె ముందు నువ్వు ఆకుల ఘుమఘుమకు పొంగిపోతుంటే, అతను ఒక్కో ఆకూ ఏరి గిన్నె అంచున పెడుతున్నాడనుకో. నీ వ్యాసం ఆ గిన్నె అంచున ఉంది. నువ్వేమో "తాజా ఆకుల పరిమళం" అని రాసి ఊరుకున్నావు.

మెనూ దగ్గర జరిగే బేరాలు కూడా రాయాలి. ఒకరికి పేరు పలకడం రానిదేదో కావాలి, ఇంకొకరికి ముందు కడుపు నిండాలి. ఇక్కడ చాలామంది రచయితలు తమను తాము ధైర్యవంతులుగా, పక్కవాణ్ణి పిరికివాడిగా చూపించేస్తారు. నువ్వు ఆ పని చెయ్యకు. అతను ఫ్రైడ్ రైస్ చెప్పినా తప్పు లేదు. ఫ్రైడ్ రైస్ బాగా చేసే వంటవాడు తక్కినవీ బాగానే చేస్తాడని నా లెక్క.

నీ ఇథియోపియన్ వ్యాసం గురించి కాస్త వివరంగా చెప్పాలి. చేతికందినదాన్ని వదిలేసింది అక్కడే. "పెద్ద పళ్లెంలో ఇంజెరా, దాని మీద రకరకాల కూరలు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ పళ్లెం ఇద్దరికీ కలిపి ఒక్కటే కదా! టెఫ్ అనే అతి సన్నటి గింజల పిండిని నీళ్లతో కలిపి, రోజుల తరబడి పులియబెట్టి, ఇంజెరా అనే ఈ రొట్టె చేస్తారు. కాల్చేది ఒక వైపే, తిరగెయ్యరు. అందుకే అడుగు నున్నగానూ, పైభాగం సన్నటి కన్నాలతోనూ ఉంటుంది. కూరల్లోని రసాన్ని పీల్చుకునేది ఆ కన్నాలే. స్పూనుతో పని లేదు. ముక్క తుంచి, దాంతోనే కూరను ఒడిసి పట్టుకుని నోట్లో పెట్టుకోవడమే. కూరలు ఖాళీ అయ్యేసరికి అడుగున పరిచిన రొట్టె అన్ని రసాలూ పీల్చి మెత్తగా నానిపోయి ఉంటుంది. దాని కోసమే కాచుకు కూర్చునేవాళ్లున్నారు.

ఇప్పుడు చెప్పు. మీ ఇద్దరిలో ముందు ఎవరి చెయ్యి అవతలివాడి వైపు వెళ్లింది? దోరో వాట్ అనే ఆ కోడికూరలో ఉడికించిన గుడ్డు వేస్తారు. పళ్లెంలో ఒకటే గుడ్డు ఉంటే అది ఎవరికి దక్కింది? "నువ్వు తీసుకో" అంటే "నువ్వే తీసుకో" అనుకున్నారా, సగం చేశారా, మాట్లాడకుండా ఒకడు లాగించేశాడా? ఇథియోపియా వాళ్లు ముద్ద చుట్టి పక్కవాళ్ల నోట్లో పెడతారు. దాన్ని గుర్షా అంటారు. ముద్ద ఎంత పెద్దదైతే అంత ఆప్యాయత కింద లెక్క. మీరిద్దరూ ఆ ప్రయత్నం చేశారా, లేక సిగ్గుపడి ఊరుకున్నారా? సిగ్గుపడి ఉంటే నాకు ఆ సంగతే చదవాలనుంది.

ఇవన్నీ నీకు గుర్తు లేవంటే కారణం సెల్‌ఫోనే అయ్యుంటుంది. ఫొటోలు కావాలంటే పళ్లెం రాగానే రెండు తీసుకుని లోపల పెట్టెయ్. ఫో లాంటివి ఆగవు కూడా, వేడి రసంలో నూడుల్స్ ఉబ్బిపోతాయి. నోట్‌బుక్ కూడా టేబుల్ మీద పెట్టకు. అది కనబడగానే ఎదుటివాడు ఇంటర్వ్యూ ఇస్తున్నట్టు మాట్లాడతాడు. బయటికొచ్చాక ఎక్కడో ఒకచోట కూర్చుని, ముందు అతనన్న మాటలు అన్నవి అన్నట్టు రాసుకో. రుచులు మర్నాడు రాసుకోవచ్చు, మాటలు అంతసేపు నిలవవు.

ఇక నీ తీర్పుల సంగతి. "ఇది వాళ్ల దేశంలో తినేలాంటిది కాదు, ఇక్కడివాళ్ల కోసం మార్చేశారు" అని తేలిగ్గా రాసేస్తున్నావు. మార్చే ఉంటారు. ఎందుకు మార్చారో కనుక్కుంటే నీకు ఇంకో రెండు పేజీల సరుకు దొరికేది. చైనాలోని సిచువాన్ ప్రాంతపు వంటలో నాలుకను తిమ్మిరెక్కించే మిరియం ఒకటుంది. అది మామూలు మిరియాల జాతి కాదు, నిమ్మ కుటుంబానికి చెందిన మొక్క కాయ. అది నిమ్మ, నారింజ తోటలకు గజ్జి తెగులు మోసుకొస్తుందనే భయంతో అమెరికా ప్రభుత్వం 1968లో దాని దిగుమతిని నిషేధించింది. నిషేధం అన్నాళ్లూ ఒకేలా గట్టిగా అమలు కాలేదు గానీ, వేడి చేసి పంపిన మిరియాన్ని అధికారికంగా రానిచ్చింది 2005లో. ఆ మధ్యకాలంలో అక్కడ తిమ్మిరి లేని మాపో తోఫు, అంటే ఆ మిరియం వేసి చేసే సోయా పనీరు కూర, తిని వంటవాణ్ణి తిట్టిపోసిన వాళ్లుంటారు. పాపం అతను పంటల నిబంధనలకు ఏం చేస్తాడు?

అసలు అమెరికాలో అన్ని చైనా రెస్టారెంట్లు ఎలా వచ్చాయో కూడా చూడు. 1882లో చైనా కార్మికులు రాకుండా చట్టం చేశారు. వ్యాపారులకు మాత్రం మినహాయింపు ఉంది. 1915లో ఒక కోర్టు తీర్పుతో రెస్టారెంట్ యజమానులు కూడా వ్యాపారుల లెక్కలోకి వచ్చారు. దాంతో రెస్టారెంట్ పెట్టడం అంటే ఆ దేశంలోకి అడుగుపెట్టే దారి అయింది. థాయ్‌లాండ్ సంగతి దీనికి పూర్తిగా వేరు. ప్రపంచమంతటా థాయ్ రెస్టారెంట్లు పెంచాలని 2002లో ప్రభుత్వమే పూనుకుంది. బ్రిటన్‌లో "ఇండియన్" అని బోర్డు పెట్టిన వాటిలో చాలావాటిని నడిపింది సిల్హెట్ ప్రాంతం నుంచి వెళ్లిన బంగ్లాదేశ్ వాళ్లు. ఇవన్నీ తీసుకెళ్లి వ్యాసంలో కుక్కమని నా ఉద్దేశం కాదు. ఇవి తెలిసినవాడు అంత సులువుగా తీర్పు రాయడు, అంతే.

నీ స్నేహితుడు ఆ దేశంవాడే అయితే ఇంకో చిక్కుంది. అతన్ని పట్టుకుని నిపుణుణ్ణి చేసేస్తావు. "మా అమ్మ ఇలా చెయ్యదు" అని అతనంటే అది వాళ్ల అమ్మ వంటింటి సంగతి. దేశం మొత్తానికీ దాన్ని అంటగట్టకు. ఆ ఫో సూప్ సంగతే మళ్లీ తీసుకుంటాను. హనోయ్ వైపు రసం తేటగా, పైన హంగులు తక్కువగా ఉంటుంది. దక్షిణాన సైగాన్ వైపు మొలకలు, రకరకాల ఆకులు, హోయ్‌సిన్ అనే తియ్యటి సాస్ పక్కన పెట్టి, నీక్కావలసినట్టు కలుపుకోమంటారు. 1975లో సైగాన్ పడిపోయాక దేశం విడిచిన వాళ్లలో ఎక్కువమంది దక్షిణాది వాళ్లు. కాబట్టి బయటి దేశాల్లో ఎక్కువగా దొరికేది వాళ్ల పద్ధతి. హనోయ్ స్నేహితుడు ఆ గిన్నె చూసి మొహం ముడుస్తాడు, సైగాన్ స్నేహితుడు మొలకలు ఇంకాసిని అడుగుతాడు. వాళ్లిద్దర్నీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టగలిగితే నన్నూ పిలువు.

వడ్డించే అమ్మాయిని "మీది ఏ ఊరు, ఎప్పుడొచ్చారు" అని రద్దీ వేళలో నిలబెట్టి అడగడం మానుకో. ఆవిడ అక్కడ పని చెయ్యడానికి వచ్చింది, నీ వ్యాసానికి సమాచారం ఇవ్వడానికి కాదు. నోటితో అడగనివి కళ్లతో చూడొచ్చు. దక్షిణ చైనా కాంటనీస్ వాళ్ల దగ్గర టీ అయిపోతే కూజా మూత కొంచెం పక్కకు జరిపి పెడతారు, అది చూసి వాళ్లే వచ్చి వేడినీళ్లు పోసి వెళ్తారు. పక్క టేబుల్ వైపు ఓ కన్నేసి ఉంచితే ఇలాంటివి బోలెడు.

రేటు గురించి కూడా ఒక మాట. "ఇంత చిన్న చోట ఇంత రేటా" అని రాశావు. ఇటాలియన్ నూడుల్స్‌కి నోరెత్తకుండా ఇచ్చే డబ్బు చైనా నూడుల్స్‌కి ఇమ్మంటే మనకు కష్టంగా ఉంటుంది. ఎముకలను గంటల తరబడి మరిగించి తీసిన రసానికి గ్యాస్ ఊరికే రాదు. రుచి బాగోలేదని రాయి, నేను అడ్డు చెప్పను. చవగ్గా ఉండి తీరాలని మాత్రం పట్టుబట్టకు.

"నోరూరించే", "అద్భుతమైన" లాంటి మాటలు నేనే కొట్టేశాను, మళ్లీ పెట్టకు.

ఆఖరుగా, అచ్చుకిచ్చే ముందు నీ స్నేహితుడున్న పేరాలు అతనికి చదివి వినిపించు. "నేనలా అనలేదు" అంటే వాదించకుండా తీసెయ్. "అన్నాను గానీ రాయొద్దు" అంటే కూడా తీసెయ్. తింటూ తింటూ మనుషులు డబ్బు గురించీ, ఒంట్లో బాగోలేని సంగతుల గురించీ ఏవేవో చెప్పేస్తారు, అవి నీకోసం చెప్పినవి, పాఠకుల కోసం కాదు. ఇథియోపియన్ వ్యాసం ముందు తిరగరాసి పంపు, తక్కినవి తర్వాత చూద్దాం. అతను ముట్టుకోకుండా వదిలేసినవి ఏమిటో చివర వేరే కాగితం మీద రాసిపెట్టు. వ్యాసంలో అవసరం రాకపోయినా నాకు కావాలి.

ఆశీస్సులతో,
అన్నయ్య