8వ గ్రేడ్‌లోనే శాట్ మ్యాథ్స్ కోచింగ్ అవసరమా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. మా అమ్మాయి 8వ గ్రేడ్. స్కూల్లో లెక్కల్లో 'A' గ్రేడే వస్తుంది కానీ, టెస్ట్ అంటే చాలు టెన్షన్ పడుతుంది. తెలిసినవాళ్ల పిల్లలు ఇప్పటికే శాట్ (కాలేజీ అడ్మిషన్లకు రాసే పరీక్ష) మ్యాథ్స్ కోచింగ్‌కి వెళ్తున్నారు. మా అమ్మాయినీ చేర్చమంటారా? లేకపోతే వెనకబడిపోతుందా?
– ఒక తల్లి

జవాబు: ఇప్పుడే కోచింగ్ వద్దమ్మా. ముందుగా మొదలుపెట్టాలన్న మీ ఆలోచన మాత్రం సరైనదే. ఈ వయసులో మొదలుపెట్టాల్సింది ఆల్జీబ్రా. శాట్ పేపర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటున్నానో చెబుతాను. శాట్ మ్యాథ్స్‌లో 70 నిమిషాల్లో 44 ప్రశ్నలు చేయాలి. వాటిని 22 చొప్పున రెండు మాడ్యూళ్లుగా ఇస్తారు. మొదటి మాడ్యూల్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది. తేలికైనది వచ్చిందంటే, అందులో అన్నీ కరెక్టు చేసినా పై స్కోర్లు అందవు. అంటే మొదటి 35 నిమిషాల్లో చిన్న చిన్న లెక్కలు తప్పుచేసే పిల్లలు ఎక్కువ నష్టపోతారు. మొత్తం ప్రశ్నల్లో సుమారు 70 శాతం ఆల్జీబ్రా, దాని పై స్థాయి పాఠాల నుంచే వస్తాయి. జామెట్రీ, ట్రిగనామెట్రీ కలిపినా 15 శాతమే.

ఇవాళే ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. ఒక కాగితం మీద 3 − 2(4 − 7) అని రాసి ఇవ్వండి. జవాబు 9. చాలామంది పిల్లలు ముందు 3లోంచి 2 తీసేసి, మిగిలిన 1ని బ్రాకెట్‌తో గుణించి −3 అంటారు. ఇంకొందరు బ్రాకెట్ విప్పేటప్పుడు మైనస్ గుర్తు మార్చడం మరిచిపోయి −19 తెస్తారు. 4 ఉన్నచోట ఎక్స్ పెడితే అదే ఆల్జీబ్రా లెక్క అవుతుంది, తప్పు కూడా అదే జరుగుతుంది. మీ అమ్మాయి తడబడితే కోప్పడకండి. 'ఇదెలా చేశావో నాకు చెప్పు' అని అడిగి, మొత్తం వినండి. తప్పు ఏ మెట్టు దగ్గర జరిగిందో చాలాసార్లు తనే పట్టుకుంటుంది.

రెండో లెక్క ఇది. ఎక్స్‌ని మూడు రెట్లు చేసి 1 కలిపితే 7 వస్తుంది. అదే ఎక్స్‌ని ఆరు రెట్లు చేసి 2 కలిపితే ఎంత? పిల్లలు ఎక్స్ 2 అని కనుక్కుని, సంతోషంగా అదే జవాబుగా పెట్టేస్తారు. అడిగింది ఎక్స్ కాదు! మొదటి దాన్ని మొత్తంగా రెట్టింపు చేస్తే 14, అంతే. శాట్‌లో ఇలాంటి ప్రశ్నలు మామూలే. లెక్క వచ్చి కూడా మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. అందుకే ప్రశ్నలో చివరి వాక్యం కింద గీత గీసే అలవాటు ఇప్పటి నుంచే చేయించండి.

తప్పుల కోసం విడిగా ఒక నోట్‌బుక్ పెట్టించండి. తప్పు చేసిన లెక్క, ఎందుకు తప్పిందో తన మాటల్లో ఒక్క వాక్యం. వారం తర్వాత పాత జవాబు చూడకుండా అదే లెక్క మళ్లీ చేయాలి. నాకు బాగా నమ్మకమున్న పద్ధతి ఇది. రోజుకు 20 నిమిషాలు చాలు. ప్రాక్టీస్‌కి ఖాన్ అకాడమీ వెబ్‌సైట్‌లో పాఠాలన్నీ ఉచితమే.

శాట్‌లో మ్యాథ్స్ మొత్తానికి కాలిక్యులేటర్ వాడుకోవచ్చు, స్క్రీన్ మీదే డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉంటుంది. అది తర్వాత నేర్చుకోవచ్చు. భిన్నాలు, శాతాలు మాత్రం ఈ రెండేళ్లు చేత్తోనే చేయనివ్వండి. 20 శాతం పెంచి, మళ్లీ 20 శాతం తగ్గిస్తే 100 కాస్తా 96 ఎందుకవుతుందో కాలిక్యులేటర్ చెప్పదు.

టెన్షన్ విషయానికొస్తే, స్కూల్లో పీశాట్ 8/9 (8, 9 గ్రేడ్ల పిల్లలకు శాట్ తరహాలో పెట్టే టెస్ట్) పెడితే రాయించండి. ఆ స్కోరు కాలేజీలకు వెళ్లదని ముందే చెప్పండి. ఇంటికొచ్చాక 'ఎంతొచ్చింది?' అనే మాట మీ నోట మొదట రాకూడదు. తప్పు జవాబుకు మార్కులు కోయరనీ, రాకపోయినా ఏదో ఒకటి పెట్టి రావచ్చనీ తెలిస్తే పిల్లలకు కాస్త ధైర్యం వస్తుంది.

శాట్ రాసే బ్లూబుక్ యాప్‌లోని పూర్తి ప్రాక్టీస్ టెస్టుల్ని ఇప్పుడు ముట్టుకోవద్దు. అవి ఉన్నవే కొన్ని, హైస్కూల్లో ఆల్జీబ్రా 2 కోర్సు అయ్యాక వాటి విలువ తెలుస్తుంది. 11వ గ్రేడ్ అక్టోబర్‌లో రాసే పీశాట్ స్కోరే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు లెక్కలోకి వస్తుంది. కాబట్టి 10వ గ్రేడ్ తర్వాతి వేసవిలో మొదటి పూర్తి టెస్ట్ ఇంట్లోనే, గడియారం పెట్టి రాయించండి. ఆ పేపర్‌లో తప్పులు ఎక్కడ గుంపుగా పడ్డాయో చూసి, వాటిని తను సొంతంగా సరిచేసుకోలేకపోతున్నప్పుడు కోచింగ్ గురించి ఆలోచిద్దాం.