చిన్న ద్వీపాల విపత్తు లెక్కలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: 2017లో మరియా హరికేన్ (తుపాను) వల్ల కరిబియన్ సముద్రంలోని డొమినికా అనే ద్వీప దేశానికి జీడీపీలో 226 శాతం నష్టం వాటిల్లిందని చదివాను. నూటికి నూరూ పోయాక ఇంకా పోవడానికి ఏం మిగులుతుంది? ఇది లెక్కలో జరిగిన పొరపాటా, సహాయం కోసం పెంచి చెప్పిన అంకెనా?

జవాబు: పొరపాటు కాదు, అతిశయోక్తి కూడా కాదు. జీడీపీ అంటే ఒక దేశం ఒక్క ఏడాదిలో ఉత్పత్తి చేసిన సరుకుల, సేవల విలువ. తుపాను కూల్చేది ఇళ్లను, వంతెనలను, రేవులను, కరెంటు స్తంభాలను, కాపుకొచ్చిన తోటలను. అవి ఒక ఏడాదిలో సమకూరినవి కావు, తరాల తరబడి కూడబెట్టుకున్నవి. ఏడాది సంపాదనకు అయిదు రెట్లు విలువ చేసే ఇల్లు ఒక్క రాత్రిలో నేలమట్టమైతే, ఆ కుటుంబం నష్టం సంపాదనలో 500 శాతమే కదా. పెద్ద దేశంలో తుపాను ఒక తీరాన్ని దెబ్బతీస్తే మిగతా ప్రాంతాలు పని చేస్తూనే ఉంటాయి కనుక ఈ శాతం చిన్నదిగా కనిపిస్తుంది. సుమారు 750 చదరపు కిలోమీటర్ల డొమినికాలో ఆ రాత్రి తుపాను తాకిడి లేని చోటంటూ లేదు.

ఆ మొత్తంలో రెండు పద్దులున్నాయి. ధ్వంసమైన ఆస్తుల విలువ 93.1 కోట్ల డాలర్లు. ఆస్తులు తిరిగి సమకూరేదాకా చేజారిన ఆదాయం, అదనంగా మీదపడిన ఖర్చులు కలిపి 38.2 కోట్ల డాలర్లు. ఒక అరటి తోట ఉందనుకోండి. పెళ్లగిల్లిన చెట్లను మళ్లీ నాటడానికయ్యే ఖర్చు మొదటి పద్దులోకి వెళుతుంది, కొత్త చెట్లు గెల వేసేదాకా రైతుకు రాని రాబడి రెండో పద్దులోకి వెళుతుంది. లాటిన్ అమెరికా, కరిబియన్ దేశాల కోసం పనిచేసే ఐక్యరాజ్య సమితి ఆర్థిక సంఘం 1970ల నుంచి ఈ పద్ధతిని తీర్చిదిద్దుతూ వచ్చింది. విపత్తుల ముప్పును తగ్గించేందుకు 2015లో దేశాలు అంగీకరించిన సెండాయ్ ఫ్రేమ్‌వర్క్ అనే ఒప్పందం అడిగేది మాత్రం ప్రత్యక్ష ఆర్థిక నష్టాన్నే. అందువల్ల ఒకే తుపానుకు రెండు నివేదికల్లో రెండు అంకెలు కనిపించవచ్చు, రెండూ సరైనవే కావచ్చు. ఏ అంకెనైనా నమ్మే ముందు, తోసిపుచ్చే ముందు, అందులో ఏయే పద్దులు చేరాయో చూడండి.

ఇక్కడ తరచుగా మరుగున పడే విషయం ఒకటుంది. విపత్తు తరువాత వేసే ప్రతి లెక్కా విపత్తుకు ముందరి లెక్క మీదే నిలబడుతుంది. ఎన్ని ఇళ్లుండేవి, వాటిలో రేకుల కప్పువి ఎన్ని, కాంక్రీటువి ఎన్ని అన్నది పదేళ్ల కిందటి జనగణనలో తప్ప మరెక్కడా నమోదు కాకపోతే, ఎంత నేర్పరి బృందం వచ్చినా చేయగలిగింది అంచనా మాత్రమే.

ప్రశ్న: పసిఫిక్ మహాసముద్రంలో పదకొండు వేల జనాభా ఉన్న టువాలు వంటి దేశం, పెద్ద దేశాలు నింపే పట్టికలనే నింపాలని కోరడం న్యాయమేనా?

జవాబు: అన్నిటినీ నింపమని ఎవరూ శాసించలేదు. ఐక్యరాజ్య సమితి గణాంక కమిషన్ 2022 మార్చిలో వాతావరణ మార్పుపై 158 సూచికలను ఆమోదించింది. మార్పుకు కారణాలు, ప్రభావాలు, బలహీనతలు, ఉద్గారాల తగ్గింపు, మార్పుకు తగ్గట్టుగా సర్దుకోవడం అనే అయిదు విభాగాల కింద ఉన్న ఆ సూచికల నుంచి ప్రతి దేశమూ తనకు అవసరమైనవి ఎంచుకోవచ్చు. గుప్పెడు మంది ఉద్యోగులున్న గణాంక కార్యాలయం ఇరవై సూచికలను ఏటా తప్పకుండా ఇవ్వడం, 158 గడులను ఒక్కసారి నింపి వదిలేయడం కంటే ఎంతో మేలని నా అభిప్రాయం.

అసలు ఇబ్బంది గడుల సంఖ్యలో కాక కొలబద్దలో ఉంది. విపత్తు మరణాలను లక్ష జనాభాకు ఇంతమంది అని లెక్కిస్తారు. టువాలులో ఒక్క మనిషి అలలకు బలైతే ఆ రేటు 9 అవుతుంది, పది కోట్ల జనాభా గల దేశంలో అదే రేటు రావాలంటే తొమ్మిది వేల మందికి పైగా చనిపోవాలి. మరుసటి ఏడాది ఎవరూ చనిపోకపోతే రేటు సున్నాకు పడిపోతుంది. దాన్ని చూసి రక్షణ ఏర్పాట్లు మెరుగుపడ్డాయనుకుంటే మోసపోతాం. అందుకే చిన్న దేశాలకు పదేళ్ల సగటు చూడాలి, దాని పక్కనే అసలు సంఖ్యనూ ముద్రించాలి.

గోప్యత సంగతి కూడా చెప్పాలి. కొన్ని వందల మంది నివసించే దీవిలో "ఇల్లు కోల్పోయిన, వికలాంగులున్న కుటుంబాలు: 1" అని ప్రచురిస్తే, అది ఎవరిదో దీవి అంతటికీ తెలిసిపోతుంది. పూర్తి వివరాలు సహాయం అందించే అధికారుల దగ్గర చట్టరక్షణలో ఉండాలి, ప్రచురించే పట్టికలో దీవులను కలిపి చూపాలి.

ప్రశ్న: తుపానుకు ఒక పేరుంటుంది, ఒక తేదీ ఉంటుంది. సముద్రం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చేసే నష్టం ఏ పట్టికలోకి ఎక్కుతుంది?

జవాబు: చాలావరకు ఏ పట్టికలోకీ ఎక్కదు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

టువాలులో పులాకా అనే దుంపను సాగు చేస్తారు. పగడపు దీవిలో వాగులుండవు, కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటి కంటే తేలిక కనుక దాని మీద ఒక పొరగా తేలుతుంది. ఆ పొర తగిలేదాకా గొయ్యి తవ్వి, ఆకులు వేసి కుళ్లబెట్టి, ఆ ఎరువులో దుంప నాటుతారు. స్థూలంగా చెప్పాలంటే సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే కింద 40 మీటర్ల మేర మంచినీరుంటుంది. పైన 10 సెంటీమీటర్లు తగ్గితే అడుగున 4 మీటర్లు పోయినట్లే. ఉప్పు గొయ్యిని చేరినప్పుడు ముందు ఆకు అంచులు పసుపు రంగుకు తిరుగుతాయి, ఆ తరువాత దుంప కుళ్లుతుంది.

ఈ నష్టానికి తేదీ ఏది? ఆ దుంప చాలావరకు ఇంట్లోకే పండుతుంది కనుక దానికి సంత ధర కూడా దొరకదు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం 1988 నుంచి నడుపుతున్న ఈఎం-డాట్ విపత్తుల జాబితాలో ఒక ఘటన చేరాలంటే పదిమంది మరణించి ఉండాలి, లేదా వందమంది బాధితులై ఉండాలి, లేదా అత్యవసర పరిస్థితి ప్రకటించి ఉండాలి, లేదా అంతర్జాతీయ సహాయం కోరి ఉండాలి. ప్రపంచాన్నంతటినీ చూసే జాబితాకు అటువంటి హద్దు తప్పదు, కానీ ఒక్కొక్కటిగా చచ్చిపోయే గోతులు ఆ హద్దును ఏనాటికీ దాటవు.

పెద్ద తుపానులో సైతం ఇటువంటి నష్టం మరుగున పడుతుంది. 2015 మార్చిలో పామ్ తుపాను అనగానే అందరికీ గుర్తొచ్చేది పసిఫిక్‌లోని మరో ద్వీప దేశం వనువాటు. దాని అలలు ఎంతో దూరాన ఉన్న టువాలును కూడా ముంచెత్తి, అక్కడి నుయి దీవిని తీవ్రంగా దెబ్బతీశాయి. గాలి వేగాన్ని బట్టి బాధిత ప్రాంతాన్ని గీసే పటంలో ఆ దీవి కనిపించదు.

దీనికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. ప్రతి గోతికీ ఒక సంఖ్య వేయాలి. ఏటా రెండుసార్లు, ఒకే నెలల్లో, నీటిలో ఉప్పు ఎంత ఉందో చేతిలో ఇమిడే మీటరుతో కొలిచి, పంట స్థితినీ తేదీనీ రాసుకోవాలి. టువాలు రాజధాని ఫునాఫుటిలో 1993 నుంచి సముద్ర మట్టాన్ని కొలిచే కేంద్రం పనిచేస్తోంది. సముద్రం ఎంత పెరిగిందో అది చెబుతుంది, గొయ్యి ఏమైందో ఈ రిజిస్టరు చెప్పాలి. రెండింటిలోనూ దీవికి ఒకే గుర్తింపు కోడు వాడకపోతే మాత్రం ఎంత శ్రమపడ్డా ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. ఆ రిజిస్టరు నకలు ఒకటి వేరే దీవిలో కూడా ఉండాలి, ఇంటర్నెట్ మీదే ఆధారపడితే చాలదు. 2022 జనవరి 15న అగ్నిపర్వతం బద్దలై సముద్రగర్భ కేబుల్ తెగిపోయినప్పుడు పసిఫిక్ ద్వీప దేశం టోంగాకు బయటి ప్రపంచంతో ఇంటర్నెట్ సంబంధం వారాల తరబడి దాదాపుగా తెగిపోయింది.

వాతావరణ నష్టాల పరిహార నిధికి 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సు అంగీకరించింది. రేపు ఆ నిధి ముందు నిలబడే దీవికి, పదేళ్లపాటు విడవకుండా రాసిన ఇటువంటి పుస్తకమే సాక్ష్యం. నష్టపోయినవారే రుజువు మోసుకురావలసి రావడం నాకు అన్యాయంగానే తోస్తుంది. అందుకే ఆ పుస్తకంలో ఒక నియమం తప్పనిసరి అంటాను: వెళ్లి చూసి, నష్టం లేదని తేలిన గోతికే సున్నా వేయాలి. పడవ నడవక వెళ్లలేకపోయిన నెలలో ఆ గడిలో "చూడలేదు" అని రాసి, కారణం కూడా రాయాలి. రాజధానిలో పట్టిక తయారుచేసేవారు ఆ మాటను సున్నాగా మార్చకుండా అలాగే అచ్చువేయాలి.